క్లిక్కులు లేకుండా మెదడు స్కాన్ల విశ్లేషణ: స్క్రిప్టులో ఏం రాయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

బెంగళూరులో మెదడు స్కాన్లతో పనిచేసే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్‌లో, పాతవాళ్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌లో, నగరంలోని మరికొన్ని ప్రయోగశాలల్లో, హిందూపురం నుంచో కర్నూలు నుంచో వచ్చి చేరిన పరిశోధక విద్యార్థులు కనిపిస్తారు. వాళ్లలో నలుగురైదుగురు శనివారం సాయంత్రాలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని మా ఇంటికి వస్తారు. ఈ మధ్య వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: “అక్కా, విండోలో పది బటన్లు నొక్కితే అయిపోయే పనికి ఇన్ని లైన్లు రాయడం దేనికి?” ఆమె చెప్పిన లైన్లే స్క్రిప్టు, అంటే కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా రాసిపెట్టే ఫైలు. ఆ రోజు నేను చెప్పిన సమాధానం నాకే చాలలేదు. ప్రశ్న చిన్నదే అయినా, దానికి సరైన జవాబు చెప్పాలంటే మెదడు బొమ్మ ఎలా తయారవుతుందో, అందులోకి గణాంకం ఎక్కడ వస్తుందో, ఆ దారిలో మనిషి ఎన్ని నిర్ణయాలు తీసుకోవలసి వస్తుందో ముందు చూడాలి.

బొమ్మ వెనక లెక్క

పత్రికల్లో ఎర్రటి, పసుపుపచ్చని మచ్చలతో కనిపించే మెదడు బొమ్మ ఫొటో కాదు. అది వేలాది గణాంక పరీక్షల ఫలితాలను రంగుల్లో గీసిన పటం. ఫంక్షనల్ ఎంఆర్ఐ యంత్రం నాడీకణాల పనిని నేరుగా కొలవదు. మెదడులో ఒక చోట పని పెరిగితే అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది, ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కు, లేని హిమోగ్లోబిన్‌కు మధ్య నిష్పత్తి మారుతుంది, ఆ మార్పు వల్ల అయస్కాంత సంకేతంలో వచ్చే తేడాను యంత్రం పట్టుకుంటుంది. 1990లో సెయిజి ఒగావా బృందం వివరించిన ఈ సంకేతాన్నే బోల్డ్ అంటారు. ఆ తేడా కొద్ది శాతానికి మించదు. పైగా చూసిన క్షణానికి ఐదారు సెకన్ల తర్వాత గానీ అది శిఖరానికి చేరదు.

ఉదాహరణకు, తెలుగూ కన్నడమూ రెండూ చదవగలిగిన 24 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, కొన్ని తెలుగు పదాలు, కొన్ని కన్నడ పదాలు చూపించామనుకుందాం. ఒకే పాత లిపి నుంచి విడిపోయిన రెండు లిపులను మెదడు ఎలా వేరు చేసుకుంటుందన్నది మన ప్రశ్న. బెంగళూరులో పెరిగిన తెలుగు పిల్లల మధ్య ఉంటే ఈ ప్రశ్న దానంతట అదే పుడుతుంది. రెండేసి సెకన్లకు ఒక మెదడు చిత్రం చొప్పున 200 చిత్రాలు తీస్తే, ఒక విడత, అంటే ఒక రన్, 400 సెకన్లు. అలాంటివి ఒక్కొక్కరికి రెండు రన్‌లు. చిత్రం అడ్డంగా 64, నిలువుగా 64, పొరలు 36 అయితే, ఒక్కో చిత్రంలో 1,47,456 చిన్న గడులు ఉంటాయి. వీటిని వాక్సెల్స్ అంటారు. ఒక రన్‌లో ప్రతి వాక్సెల్‌కూ 200 సంఖ్యల వరుస ఒకటి ఉంటుంది. తెలుగు పదాలు కనిపించిన సమయాలు, కన్నడ పదాలు కనిపించిన సమయాలు, మధ్యలో తల కదిలిన తీరు, ఈ మూడింటినీ తీసుకుని ఆ 200 సంఖ్యల హెచ్చుతగ్గులను ఎంతవరకు వివరించగలమో లెక్కగట్టడమే జనరల్ లీనియర్ మోడల్ పని. ఆ సమయాలను నిలువు వరుసలుగా పేర్చిన పట్టిక డిజైన్ మ్యాట్రిక్స్. వరుసలకు వచ్చిన గుణకాల మధ్య మనం అడిగే పోలిక, ఉదాహరణకు తెలుగు నుంచి కన్నడాన్ని తీసివేస్తే ఏం మిగిలిందన్నది, కాంట్రాస్ట్.

పరీక్ష ప్రతి వాక్సెల్‌లోనూ జరుగుతుంది కాబట్టి, నూటికి ఐదు తప్పులను అనుమతించే మామూలు కొలమానం ఇక్కడ పనికిరాదు. 1,47,456లో ఐదు శాతం అంటే, మెదడులో ఏ ప్రభావమూ లేకపోయినా ఏడు వేలకు పైగా గడులు వెలిగిపోతాయి. 2009లో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు చచ్చిపోయిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, ఇన్ని పరీక్షలకు తగ్గట్టు దిద్దుబాటు చేయని గణాంకంతో చేప మెదడులో కొన్ని వాక్సెల్స్ ‘పనిచేస్తున్నట్లు’ చూపించింది ఈ ప్రమాదాన్ని కళ్లకు కట్టడానికే. దిద్దుబాటు చేయగానే ఆ మచ్చలు పోయాయి.

విండో గుర్తుపెట్టుకోనిది

ఈ లెక్కలకు ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్లు మూడు. లండన్‌లో కార్ల్ ఫ్రిస్టన్ 1990ల తొలినాళ్లలో మొదలుపెట్టిన ఎస్‌పీఎం మ్యాట్‌ల్యాబ్ మీద నడుస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎల్ ఆక్స్‌ఫర్డ్ నుంచి 2000లో వచ్చింది. రాబర్ట్ కాక్స్ అమెరికాలో 1990ల మధ్యలో రూపొందించిన అఫ్నీ మొదటి నుంచీ కమాండ్ లైన్‌కు, అంటే ఆజ్ఞలను టైప్ చేసి నడిపే పద్ధతికి, అలవాటుపడ్డది. మూడింటికీ విండోలున్నాయి, మూడింటినీ విండో లేకుండా నడపవచ్చు.

విండోను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మోడల్ అంటే ఏమిటో, ఏ పెట్టెలో ఏం నింపాలో నేర్చుకోవడానికి దానికంటే మంచి బడి లేదు. చిక్కు రెండో మనిషి డేటా దగ్గర మొదలవుతుంది. మన ఉదాహరణలో ఒక రన్‌కు చిత్రాల జాబితా, తెలుగు పదాలు, కన్నడ పదాలు అనే రెండు షరతుల పేర్లు, వాటి ప్రారంభ సమయాలు, వ్యవధులు, తల కదలికల ఫైలు కలిపి ఎనిమిది పెట్టెలు నింపాలి. రెండు రన్‌లు, 24 మంది కలిపితే 384 సార్లు. మూడు వందలవ పెట్టె దగ్గరికి వచ్చేసరికి కళ్లు అలిసిపోతాయి. పక్కవాళ్ల ఫైలు ఎంచుకున్నా తెలియదు. అంతా అయ్యాక, చిత్రాలను 8 మిల్లీమీటర్లు కాకుండా 6 మిల్లీమీటర్ల మేరకే నునుపు చేస్తే, అంటే పక్కపక్క వాక్సెల్స్ విలువలను తక్కువ దూరం మేరకే కలిపి సగటు చేస్తే, ఫలితం నిలుస్తుందా అని సమీక్షకుడు అడిగితే, మళ్లీ మొదటి పెట్టె దగ్గరికి వెళ్లాలి.

శ్రమ ఒక్కటే అయితే ఓపిక పట్టవచ్చు. నాకు అంతకన్నా పెద్ద లోటుగా కనిపించేది, క్లిక్కుకు జ్ఞాపకం లేకపోవడం. చివరికి తయారైన మోడల్‌ను సాఫ్ట్‌వేర్ దాస్తుంది, నిజమే. ఎస్‌పీఎం అయితే ‘ఎస్‌పీఎం డాట్ మ్యాట్’ అనే ఫైలులో డిజైన్ మ్యాట్రిక్స్ మొత్తం పెడుతుంది. కానీ ఈ ఫైలునే ఎందుకు ఎంచుకున్నాం, ఫలానావాళ్ల రెండో రన్‌ను ఎందుకు వదిలేశాం, ముందు ప్రయత్నించి మానుకున్న ఎంపిక ఏమిటి అన్నవి దానిలో ఉండవు. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద ప్రయత్నంలో, 108 మంది స్కాన్లున్న ఒకే డేటాను 70 బృందాలకు ఇచ్చి, తొమ్మిది ప్రతిపాదనలు నిజమో కాదో తేల్చమన్నారు. ఏ రెండు బృందాలూ అచ్చంగా ఒకే దారిలో విశ్లేషించలేదు. కొన్ని ప్రతిపాదనల మీద తీర్పులు గణనీయంగా వేరుపడ్డాయి. ఆ బృందాలన్నీ ఈ పని తెలిసినవే. నునుపు ఎంత, కదలికలను ఎలా తీసివేయాలి, ఏ గీత దాటితే ఫలితం అనాలి అన్న చిన్న చిన్న ఎంపికలు కలిసి ఫలితాన్ని కదిలించాయి. అంత కదిలించగల ఎంపికలు కాగితం మీద లేకపోతే, రెండో మనిషి వాటిని పరీక్షించే మార్గమే లేదు.

స్క్రిప్టు లోపల ఏముంటుంది

ఎస్‌పీఎం విషయమే దగ్గరగా చూద్దాం. విండోలో బ్యాచ్ ఎడిటర్ అనే భాగం ఉంది. దానిలో ఒక్క మనిషికి మోడల్ నింపి, సేవ్ చేసేటప్పుడు స్క్రిప్టుగా దాచమంటే, నింపిన ప్రతి పెట్టే ఒక లైనుగా బయటికి వస్తుంది. ఆ లైన్లన్నీ ‘మ్యాట్‌ల్యాబ్‌బ్యాచ్’ అనే ఒకే చరరాశిలో అంతస్తులుగా అమరి ఉంటాయి: ఒకటో గదిలో మోడల్ నిర్వచనం, రెండో గదిలో దాని అంచనా, మూడో గదిలో కాంట్రాస్టులు. మోడల్ గదిలోకి దిగితే సమయాలకు సంబంధించిన చిన్న గది, అందులో యూనిట్లు, రెండు స్కాన్ల మధ్య వ్యవధి. ఇంకా లోపలికి వెళ్తే ఒక్కో రన్, దానిలో ఒక్కో షరతు. ఇదంతా నింపి ‘ఎస్‌పీఎం జాబ్‌మ్యాన్’ అనే ఫంక్షన్ చేతికిస్తే, విండోలో ఆకుపచ్చ బాణం నొక్కినప్పుడు జరిగేదే జరుగుతుంది. లెక్క ఒక్కటే, లెక్కను అడిగే పద్ధతి మాత్రమే మారింది. ఈ మాట నేను పదేపదే చెబుతాను, ఎందుకంటే స్క్రిప్టు రాస్తే ఫలితం ఏదో మెరుగవుతుందనే అపోహ కొత్తవాళ్లలో ఉంటుంది.

అలా దొరికిన స్క్రిప్టులో మనిషిని బట్టి మారేవి ఏవో, అందరికీ ఒకటే అయినవి ఏవో విడదీయడం తర్వాతి పని. ఫోల్డరు పేరు, పదాలు కనిపించిన సమయాలు, కదలికల ఫైలు మనిషికొకటి. రెండు సెకన్ల వ్యవధి, మరీ నెమ్మదైన హెచ్చుతగ్గులను తీసేసే 128 సెకన్ల హై పాస్ ఫిల్టరు, కాంట్రాస్టుల పేర్లు అందరికీ ఒకటే. మారనివన్నీ ఫైలు పైభాగాన ఒక్కచోట, పక్కన కారణంతో సహా రాయాలి. మారేవాటిని ఒక లూప్, అంటే అవే లైన్లను ఒక్కొక్క మనిషికీ తిప్పి నడిపే భాగం, నింపుతుంది. 128 సెకన్లు ఎస్‌పీఎం తనంతట తాను తీసుకునే విలువే అయినా, దాన్ని రాయకుండా వదిలేయవద్దని నా సలహా. రాసిన విలువ మన నిర్ణయం, రాయని విలువ సాఫ్ట్‌వేర్ నిర్ణయం, అదీ వెర్షన్ మారితే మారవచ్చు.

ఎఫ్‌ఎస్‌ఎల్‌లో ఇదే పని ఇంకాస్త సూటిగా ఉంటుంది. అక్కడ ఫీట్ అనే విశ్లేషణ విండో తన ఎంపికలన్నింటినీ మామూలు టెక్స్ట్ ఫైలులో దాస్తుంది. ఒకరి ఫైలులో మనిషి సంఖ్య ఉన్న చోటల్లా ఒక గుర్తు పెట్టి, షెల్ స్క్రిప్టుతో ఆ గుర్తును మార్చుకుంటూ పోతే 24 ఫైళ్లు సిద్ధం. అఫ్నీ దారి మరొకటి. అందులోని ‘అఫ్నీ ప్రాక్’ అనే ప్రోగ్రాం, మనం కొన్ని ఎంపికలు చెబితే, మొత్తం విశ్లేషణకు కావలసిన స్క్రిప్టును తానే రాసి పెడుతుంది. నడిపే ముందు దాన్ని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదువుకోవచ్చు. విద్యార్థులు అఫ్నీ వాడకపోయినా ఆ స్క్రిప్టును ఒకసారి చదవమని చెబుతాను; ఏ అడుగు తర్వాత ఏ అడుగు వస్తుందో అంత విడమరిచి చెప్పే పాఠం నాకు వేరే కనిపించలేదు. పైథాన్ అలవాటున్నవాళ్లకు నైలెర్న్, ఈ సాఫ్ట్‌వేర్లను ఒక తాటి మీదికి తెచ్చే నైపైప్ ఉన్నాయి. ఫైళ్ల పేర్లు ఎలా ఉండాలో చెప్పే బిడ్స్ అనే ఒప్పందం 2016లో వచ్చాక, ఒక ప్రయోగశాల స్క్రిప్టు మరో ప్రయోగశాల డేటా మీద నడవడం తేలికైంది.

ఎర్ర అక్షరాలు రాని తప్పులు

కంప్యూటర్ ఎర్ర అక్షరాలతో ఆగిపోతే ఆ తప్పు మంచిది, దొరికిపోతుంది. భయపడవలసింది ఆగకుండా చివరిదాకా నడిచే తప్పులకు. స్క్రిప్టు మన నిర్ణయాన్ని నమ్మకంగా దాచినట్లే, మన పొరపాటును కూడా 24 మందికీ అంతే నమ్మకంగా పంచిపెడుతుంది.

యూనిట్ల సంగతి చూడండి. పదాలు కనిపించిన సమయాలను మనం సెకన్లలో రాసుకున్నాం: 10, 40, 70 అలా 370 దాకా. స్క్రిప్టులో యూనిట్ దగ్గర ‘సెకన్లు’కు బదులు ‘స్కాన్లు’ అని ఉందనుకోండి. ఎస్‌పీఎం 10 అంటే పదో స్కాను దగ్గర, అంటే 20వ సెకను దగ్గర, పదం కనిపించిందనుకుంటుంది. 70వ సెకను 140 అవుతుంది. ఉన్నవి 200 స్కాన్లే కాబట్టి, 200 దాటిన సంఖ్యలన్నీ రన్ బయటికి జారిపోతాయి. సగం పదాలు మాయం, మిగిలిన సగం తప్పు చోట. అయినా మోడల్ తయారవుతుంది, అంచనా పూర్తవుతుంది, బొమ్మ వస్తుంది. ఆ బొమ్మలో ఏమీ వెలగకపోతే విద్యార్థి ప్రయోగం విఫలమైందని బాధపడతాడు. కాకతాళీయంగా ఏదైనా వెలిగితే అది ఇంకా పెద్ద నష్టం. డిజైన్ మ్యాట్రిక్స్ బొమ్మను ఒక్కసారి చూస్తే చాలు, ఉండవలసిన గీతల్లో దాదాపు సగమే, దూరం దూరంగా ఉండటం కంటికి కొడుతుంది. అందుకే ప్రతి మనిషి డిజైన్ మ్యాట్రిక్స్‌నూ బొమ్మగా ఫైలులోకి దించే లైను స్క్రిప్టులో ఉండి తీరాలి.

కాంట్రాస్టులో ఇంకో రకం ఉచ్చు ఉంది. మొదటి వరుస తెలుగు, రెండో వరుస కన్నడం అనుకుని ‘1, మైనస్ 1’ అని రాస్తాం. కొన్నాళ్లకు, స్పందన కాస్త ముందో వెనకో వచ్చే అవకాశాన్ని లెక్కలోకి తీసుకుందామని టైమ్ డెరివేటివ్‌ను చేరుస్తాం. ఇప్పుడు వరుసల క్రమం తెలుగు, తెలుగు డెరివేటివ్, కన్నడం, కన్నడం డెరివేటివ్. పాత ‘1, మైనస్ 1’ ఇప్పుడు తెలుగు స్పందన నుంచి దాని డెరివేటివ్‌నే తీసివేస్తోంది. కన్నడం ఆ పోలికలోనే లేదు. ఫలితం ఫైలు పేరు మాత్రం ‘తెలుగు మైనస్ కన్నడం’ అనే ఉంటుంది. కావలసింది ‘1, 0, మైనస్ 1’. దీనికి మందు, బరువులను, అంటే ఈ 1, మైనస్ 1 లాంటి సంఖ్యలను, స్థానాన్ని బట్టి చేత్తో రాయకపోవడం. ఎస్‌పీఎం డాట్ మ్యాట్‌లో ప్రతి వరుసకూ పేరు ఉంటుంది. ఆ పేర్లలో మనకు కావలసినదాన్ని వెతికి, అక్కడ బరువు పెట్టేలా రాస్తే, వరుసలు ఎంత జరిగినా పోలిక మారదు.

పాత ఫలితాల మీద కొత్తవి నడపడం దగ్గర మూడు సాఫ్ట్‌వేర్లకూ మూడు స్వభావాలున్నాయి. రెండింటి గురించి చెబుతాను. ఎస్‌పీఎంలో కాంట్రాస్టులను రెండోసారి నడిపితే, పాతవాటిని తీసేయమని మనం చెప్పకపోతే కొత్తవి వాటి చివర చేరతాయి. బరువులు దిద్ది మళ్లీ నడిపిన తర్వాత కూడా ఒకటో సంఖ్య ఫైలులో పాత, తప్పు పోలికే ఉంటుంది; దిద్దినది ఏ మూడో సంఖ్యతోనో పక్కన ఉంటుంది. అందరి ఫలితాలనూ కలిపి చూసే బృంద విశ్లేషణ స్క్రిప్టు అలవాటు ప్రకారం ఒకటో ఫైలునే తీసుకుంటుంది. ఎఫ్‌ఎస్‌ఎల్ ఫీట్ అయితే, ఆ పేరుతో ఫోల్డరు ముందే ఉంటే, పేరు చివర ఒక ప్లస్ గుర్తు చేర్చి కొత్త ఫోల్డరు తెరుస్తుంది. పాతది చెరగదు, మంచిదే. కానీ తర్వాతి అడుగు ప్లస్ లేని పాత ఫోల్డరునే చదువుతుంది. ప్రతి నడకకూ తేదీతో కొత్త ఫోల్డరు పెట్టుకోవడం, అది ముందే ఉంటే స్క్రిప్టును అక్కడికక్కడ ఆపేయడం నాకు పనికొచ్చిన పద్ధతి.

ఒకటి, పది, పదకొండు

నా సొంత పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. ఇది నేను ఈ నగరంలో పని మొదలుపెట్టిన తొలి ఏడాది జరిగింది. 22 మంది ఫోల్డర్లకు 1 నుంచి 22 దాకా పేర్లున్నాయి, ముందు సున్నాలు లేకుండా. ఫోల్డరులోని పేర్లను తీసుకోమని కంప్యూటరుకు చెబితే అది అక్షర క్రమంలో తీసుకుంది: 1, 10, 11, అలా 19 దాకా వెళ్లి, ఆ తర్వాత 2, 20, 21, 22, చివరగా 3 నుంచి 9. వాళ్ల వయసులు మాత్రం ఎక్సెల్ పట్టికలో 1, 2, 3 క్రమంలోనే ఉన్నాయి. వయసుతో మెదడు స్పందన ఎలా మారుతుందో చూసే మోడల్‌కు రెండు జాబితాలనూ ఇచ్చాను. రెండింటిలోనూ 22 అంశాలున్నాయి కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు ఏ అభ్యంతరమూ లేదు. 22 మందిలో ఒక్క ఒకటో నంబరు మనిషికి మాత్రమే తన వయసు తనకు దక్కింది. మిగతా 21 మందికీ ఇంకొకరి వయసు అంటుకుంది.

ఆ ఫలితాన్ని దాదాపు మూడు వారాలు నమ్మాను. ఒక స్లైడు కోసం ఒక వాక్సెల్ విలువలను, వయసులను పక్కపక్కన ముద్రించినప్పుడు, నాకు బాగా గుర్తున్న ఒక పెద్దాయన ఫైలు పక్కన 23 అని కనిపించింది. అప్పుడు గుండె జారిపోయింది. ఆ రోజు నుంచి రెండు అలవాట్లు నన్ను వదలలేదు. మనుషుల సంఖ్యలు 01, 02 అని సున్నాతో మొదలవ్వాలి. రెండు జాబితాలను ఎప్పుడూ స్థానాన్ని బట్టి కలపకూడదు, మనిషి గుర్తింపు సంఖ్యను బట్టే కలపాలి. కలిపాక ఫైలు పేరు, ఆ పేరులోని సంఖ్య, వయసు ఒకే వరుసలో ఉన్న పట్టికను స్క్రిప్టు తానే ముద్రించాలి. ఆ పట్టికను మనిషి కళ్లతో చదవాలి. విండోలో చేసి ఉంటే ఈ పొరపాటు జరగదా అంటే జరుగుతుంది. జరిగిందని కనిపెట్టడానికి మాత్రం దారి ఉండేది కాదు. నా స్క్రిప్టులో తప్పు లైను పదిహేడో వరుసలో అలాగే కూర్చుని ఉంది, దిద్ది, మధ్యాహ్నానికల్లా మళ్లీ నడిపాను.

తెర లేని చోట నడపడం

ల్యాప్‌టాప్‌లో సరిపోయిన స్క్రిప్టు సర్వర్ మీద మొండికేయడం అందరికీ అనుభవమే. సర్వర్‌కు తెర ఉండదు, ఎదురుగా మనిషి ఉండడు. పాత ఎస్‌పీఎం డాట్ మ్యాట్ ఆ ఫోల్డరులో కనిపిస్తే, దాన్ని చెరిపేయమంటారా అని ఎస్‌పీఎం అడుగుతుంది. ల్యాప్‌టాప్‌లో అది ఒక చిన్న పెట్టె. ఎవరూ లేని సర్వర్ మీద అది తెల్లవార్లూ జవాబు కోసం ఎదురుచూసే ప్రశ్న. అందువల్ల ప్రశ్న పుట్టే పరిస్థితినే ముందు తొలగించాలి. మ్యాట్‌ల్యాబ్‌లో 2019 నుంచి ఉన్న ‘బ్యాచ్’ ఎంపిక ఇందుకు ఉపయోగపడుతుంది: అది తెర లేకుండా స్క్రిప్టును నడిపి, తప్పు వస్తే విఫలమైనట్లు సంకేతమిచ్చి ఆగిపోతుంది. మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు దొరకని కాలేజీల విద్యార్థులకు, లైసెన్సు అవసరం లేకుండా నడిచే ఎస్‌పీఎం విడి కూర్పు ఉంది, ఆక్టేవ్ మీద నడిపే వీలూ ఉంది. ఇంటి నుంచి హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లు సర్వర్ మీది పనిని సజీవంగా ఉంచే టీమక్స్ లాంటి ప్రోగ్రాం వాడితే, కనెక్షన్ తెగినా లెక్క తెగదు.

ఒకరి డేటా దగ్గర తప్పు వస్తే మిగతావాళ్లకు ఆగకుండా ముందుకు సాగమని ‘ట్రై, క్యాచ్’ రాయడం మామూలు. దానిలో ఒక ప్రమాదముంది. పట్టుకున్న తప్పును ఎక్కడా రాయకుండా మింగేస్తే, 24 మందికి బదులు 21 మందితో బృంద విశ్లేషణ జరిగిపోతుంది. తప్పు వచ్చిన మనిషి సంఖ్య, వచ్చిన సందేశం లాగ్ ఫైలులోకి, అంటే జరిగినవన్నీ నమోదయ్యే ఫైలులోకి, వెళ్లాలి. బృంద స్క్రిప్టు మొదట చేయవలసిన పని ఫైళ్లను లెక్కపెట్టి, 24 లేకపోతే నడవనని నిరాకరించడం. అలాగే లాగ్‌లో రోగుల పేర్లు పడకుండా చూడాలి. స్కానర్ ఇచ్చే డైకామ్ ఫైళ్ల మొదట్లో పేరు, పుట్టిన తేదీ ఉంటాయి.

లాగ్ మొదటి లైన్లలో సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలని నేను పట్టుబట్టడానికీ కారణముంది. ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకే స్కాన్లను వేర్వేరు వెర్షన్లలో, వేర్వేరు కంప్యూటర్ల మీద కొలిస్తే మెదడు భాగాల పరిమాణాలు, మెదడు పై పొర అయిన కార్టెక్స్ మందం మారుతున్నాయని 2012లోనే ప్రచురితమైంది. మనుషుల మధ్య తేడా అనుకున్నది కంప్యూటర్ల మధ్య తేడా కావచ్చన్నమాట.

స్క్రిప్టు లేకపోతే అసలు అడగలేని ప్రశ్నలు కూడా ఉన్నాయి. 2016లో ఆండర్స్ ఎక్లుండ్, థామస్ నికోల్స్, హాన్స్ క్నుట్సన్ 499 మంది ఆరోగ్యవంతుల విశ్రాంతి స్కాన్లను తీసుకున్నారు. ఆ స్కాన్లలో ఏ పనీ లేదు కాబట్టి, పని ఉన్నట్లు నటించి బృందాలుగా పోలిస్తే ఏమీ కనిపించకూడదు. కనిపించినా నూటికి ఐదుసార్లకు మించకూడదు. ఎస్‌పీఎం, ఎఫ్‌ఎస్‌ఎల్, అఫ్నీలతో దాదాపు 30 లక్షల విశ్లేషణలు నడిపి చూస్తే, పక్కపక్క వాక్సెల్స్‌ను గుంపుగా చూసి తీర్పు చెప్పే పద్ధతిలో కొన్ని పరిస్థితుల్లో తప్పుడు ఫలితాలు 70 శాతం దాకా వచ్చాయి. గుంపులను నిర్వచించే తొలి గీతను మరీ వదులుగా పెట్టినప్పుడు నష్టం ఎక్కువగా ఉంది. డేటానే పదేపదే కలగలిపి చూసే పర్మ్యుటేషన్ పద్ధతి చాలావరకు నిలబడింది. ఆ పరీక్షల్లోనే అఫ్నీలోని ఒక ప్రోగ్రాంలో 15 ఏళ్లుగా ఉన్న లోపం బయటపడింది, 2015లో దిద్దారు. 30 లక్షల విశ్లేషణలను చేత్తో నొక్కగల మనిషి లేడు. ఇన్నేళ్లుగా అందరూ వాడుతున్న పద్ధతిని నిలదీసే శక్తి ఆ పరిశోధకులకు రాత వల్లే వచ్చింది.

తేడా సున్నా కావాలి

ఇంతకీ ఆ అమ్మాయి తన స్క్రిప్టును నమ్మడం ఎలా? ఆమెకు నేను చెప్పిన పద్ధతి ఇది. ఒక్క మనిషి డేటాను విండోలో మొదటి నుంచి చివరిదాకా చేయాలి. అదే మనిషిని స్క్రిప్టుతో వేరే ఫోల్డరులో నడపాలి. రెండింటి కాంట్రాస్టు చిత్రాలను ఒకదానిలోంచి ఒకటి తీసివేయాలి. ఎఫ్‌ఎస్‌ఎల్‌లో అది ఒక్క కమాండు, ఎస్‌పీఎంలో ఇమేజ్ కాలిక్యులేటర్. ఒకే కంప్యూటరు, ఒకే వెర్షను, ఒకే ఎంపికలు అయితే ప్రతి వాక్సెల్‌లోనూ తేడా సున్నా రావాలి.

గత శనివారం ఆమె ఆ తేడా చిత్రాన్ని తెరిచి చూపించింది. సున్నా లేదు. మెదడు అంచుల వెంబడి, తల కదిలినప్పుడు చెదిరే చోట్ల, సన్నని తెల్లటి చారలున్నాయి. స్క్రిప్టులో ఎక్కడో పొరపాటు చేశానని ఆమె లైన్లన్నీ రెండుసార్లు వెతికింది. చివరికి రెండు ఎస్‌పీఎం డాట్ మ్యాట్ ఫైళ్లనూ తెరిచి వరుసల పేర్లు పక్కపక్కన పెట్టాం. స్క్రిప్టు తయారుచేసినదానిలో రెండు రన్‌లకూ ఆరేసి కదలిక వరుసలున్నాయి. విండోలో చేసినదానిలో మొదటి రన్‌కు మాత్రమే ఉన్నాయి. రెండో రన్ దగ్గర ఫైలు ఎంచుకోవడం ఆమె మరిచిపోయింది, మరిచిపోయినట్లు గుర్తు కూడా లేదు. విండోలో ఆ ఫైలు చేర్చి మళ్లీ అంచనా వేసి, తేడా తీసింది. గరిష్ఠం సున్నా, కనిష్ఠం సున్నా. అప్పుడు మిగతావాళ్లందరికీ లూప్ నడపమన్నాను.